ఆరు షార్పులూ, ఎడమ చిటికెనవేలూ

మా మేనల్లుడు నాష్‌విల్‌లో ఉద్యోగం చేస్తాడు. వాళ్ల ఆఫీసులో నలుగురు గిటారు వాళ్లూ, ఫిడేలు వాయించే ఒకావిడా కలిసి శుక్రవారం సాయంత్రాలు కంట్రీ పాటలు పాడుకుంటారట. వీడు హైస్కూలు బ్యాండులో ఆల్టో సాక్సోఫోన్ వాయించినవాడని తెలిసి, నువ్వూ రా అన్నారు. నెల తిరక్కుండానే నాకు ఫోను.

"మావయ్యా, ఈ సాక్సోఫోన్ మార్చేద్దామనుకుంటున్నాను. దీంట్లో కంట్రీ పలకడం లేదు. ఏది కొనమంటావ్?"

"పలకడం లేదంటే ఏమవుతోందిరా?"

"వాళ్లు 'కంట్రీ రోడ్స్' ఎత్తుకోగానే నా వేళ్లు ముడిపడిపోతాయి. ఎలాగో వేళ్లు దొరికించుకుని వాయిస్తే స్కూల్లో కవాతు చేయించినట్టుంటుంది."

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. డల్లాస్ దగ్గర వారాంతాల్లో టెనర్ వాయిస్తుంటాను కాబట్టి, తెలిసిన వాళ్లింట్లో ఏ పిల్లాడికి రీడు చీలినా నాకే చెప్తారు. వీడు చెప్పిన దాంట్లో జబ్బులు రెండు. వేళ్లు ముడిపడటం ఒకటి, కవాతు రెండోది. రెండూ వేరు వేరు చోట్ల పుట్టినవి. కొత్త వాద్యం కొంటే మొదటిది కొంత తగ్గవచ్చు, రెండోది వాడితోపాటే కొత్త వాద్యంలోకీ వస్తుంది. అందుకని కొనే మాట చివరికి పెట్టాను.

వేళ్లు ఎందుకు ముడిపడతాయి? తప్పు వాడిదీ కాదు, వాద్యానిదీ కాదు. గిటారుది. గిటారు తీగలు వేలు పెట్టకుండా మీటినా మోగేలా ఉంటాయి గనక జి, డి, ఎ, ఇ, సి శ్రుతుల్లో అది నిండుగా పలుకుతుంది. మన హార్మోనియం లెక్కలో అయిదు, రెండు, ఆరు, మూడు, ఒకటి శ్రుతులన్నమాట. కంట్రీ పాటలు గిటారు ఒళ్లో పుట్టినవి కాబట్టి ఎక్కువగా ఈ ఇళ్లలోనే ఉంటాయి. జాన్ డెన్వర్ 1971లో రికార్డు చేసిన 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' ఎ లో ఉంది, అంటే ఆరో శ్రుతి.

సాక్సోఫోన్ పుట్టిల్లు వేరు. బెల్జియం మనిషి అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మిలిటరీ బ్యాండుల్లో కొమ్ములకీ క్లారినెట్లకీ మధ్య ఇమడాలని దాని కొలతలు ఫ్లాట్ శ్రుతులకి కట్టాడు. ఆల్టో మీద 'సి' వేళ్లు పెట్టి ఊదితే బయటికి వచ్చేది ఇ ఫ్లాట్. టెనర్ మీద అయితే బి ఫ్లాట్. కాబట్టి గిటారు వాళ్ల శ్రుతిలో ఎన్ని షార్పులుంటే, టెనర్ వాయించేవాడు వాటికి రెండు కలుపుకోవాలి, ఆల్టో వాడు మూడు కలుపుకోవాలి. ఎ అంటే మూడు షార్పులు. గిటారు వాళ్లు హాయిగా మూడింటితో వెళ్లిపోతుంటే, టెనర్ వాడికి అయిదు, మా వాడికి ఆరు. ఆ ఆరూ ఎప్పుడోకప్పుడు తగులుతాయిలే అనుకునేవి కూడా కాదు, ఏడు స్వరాల్లో ఆరు షార్పే!

మన కచేరీల్లో ఈ బాధ లేదు. మంగుళూరు దగ్గర పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ ఇదే ఆల్టో మీద కర్ణాటక సంగీతం వాయించి దేశమంతా తిరిగారు, 1994లో లండన్ ప్రామ్స్ వేదిక కూడా ఎక్కారు. కచేరీకి ఒకే శ్రుతి గనక షడ్జమం ఒకసారి చేతికి అనుకూలంగా పెట్టుకుంటే మంగళం దాకా అదే. కంట్రీలో గాయకుడి గొంతును బట్టి పాట పాటకీ షడ్జమం మారుతుంది. ఒక్కోసారి పాట మధ్యలోనే మారుతుంది. జానీ క్యాష్ 1956లో పాడిన 'ఐ వాక్ ద లైన్'లో దాదాపు ప్రతి చరణానికీ శ్రుతి మారుతుంది. పాడబోయే ముందు అతను సన్నగా 'హూఁ' అంటూ కొత్త శ్రుతి అందుకోవడం రికార్డులో వినిపిస్తుంది. గొంతుతో హూఁ అంటే చాలు. మనకి వేళ్లన్నీ ఇల్లు మారాలి.

గిటారు వాళ్ల దగ్గర ఒక క్లిప్పు ఉంటుంది, కేపో అంటారు. దాన్ని గిటారు మెడ మీద ఒక మెట్టు పైకి బిగిస్తే శ్రుతి అరస్వరం పెరుగుతుంది, వేళ్ల ఆకారాలు మాత్రం అవే. మా వాణ్ణి అడిగాను, "మీ గాయకుడు ఆ పాటని జి ఆకారాలతో వాయిస్తూ కేపో రెండో మెట్టు మీద పెడుతున్నాడేమో చూడు." అవునన్నాడు. "ఒక్క మెట్టు కిందికి దించమను." దించితే పాట ఎ ఫ్లాట్‌లోకి వస్తుంది. గాయకుడికి అరస్వరం తేడా, అతని గొంతుకి తెలియను కూడా తెలియదు. ఆల్టోకి ఆరు షార్పులు పోయి ఒక్క ఫ్లాట్ మిగులుతుంది. అదే జి ఆకారాలకి కేపో మూడో మెట్టు మీద పెడితే బి ఫ్లాట్. అప్పుడు ఆల్టోకి ఒక షార్పు, టెనర్‌కి ఏమీ లేదు.

అయితే ఈ ఉపకారం రోజూ అడగకూడదు. నాలుగోసారికి నీ పేరే కేపో అయిపోతుంది. అడగకుండా బతకాలంటే చెయ్యాల్సినవి రెండున్నాయి.

స్వరాలకి పేర్లు వదిలేసి వరసలతో ఆలోచించడం మొదటిది. నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివర నీల్ మాథ్యూస్ జూనియర్ అనే గాయకుడు కార్డులకి, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులకి, అంకెలు వేయడం మొదలుపెట్టాడు. ఎ, డి, ఇ అనడానికి బదులు ఒకటి, నాలుగు, అయిదు. గాయని వచ్చి శ్రుతి మార్చమన్నా కాగితం మళ్లీ రాయక్కర్లేదు. ఊరంతా ఇప్పుడు అదే పద్ధతి. మనకిది వింతేమీ కాదు, స, మ, ప అంటున్నారంతే. సరిగమలు పాడుకుంటూ పెరిగిన వాడివి నీకు అంకెలెందుకురా అన్నాను.

రెండోది ఎడమ చిటికెనవేలు. సాక్సోఫోన్ మీద ఈ వేలి కింద నాలుగు మీటల చిన్న బల్ల ఉంటుంది. జి షార్ప్, దాని కింద మంద్రంలోని సి షార్ప్, బి, బి ఫ్లాట్. ఫ్లాట్ శ్రుతుల్లో దీన్ని అంతగా తొక్కం. షార్పుల ఇళ్లలో మాత్రం ఎక్కడికి వెళ్లినా ఈ గుమ్మం దాటాల్సిందే. ఎఫ్ షార్ప్, జి షార్ప్ మధ్య అటూ ఇటూ తిరిగేటప్పుడు కొత్తవాళ్లు చిటికెనవేలిని ప్రతిసారీ లేపి దించుతారు. అక్కర్లేదు. జి షార్ప్ మీట నొక్కే ఉంచి కుడి చేతి మధ్యవేలు దించి చూడండి, ఎఫ్ షార్పే పలుకుతుంది. కుడి చేతి మీటల మీదున్న ఒక చిన్న చెయ్యి జి షార్ప్ మూతని దానంతట అదే మూసేస్తుంది. అంటే పాటలో సగం సేపు ఆ వేలు కదలకుండా పడుకోవచ్చు. ఈ ఒక్క సంగతి చెప్పగానే ఫోనులో అవతల పది సెకన్లు మాట లేదు, తర్వాత ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎఫ్ షార్ప్ వినిపించాయి.

"మావయ్యా, ఎఫ్ షార్ప్ బరబరమంటోంది."

అది పాఠం కాదు, మరమ్మతు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక కవాతు సంగతి. కంట్రీ పాట సాక్సోఫోన్ మీద ఎందుకు అతకదు అని అడిగితే, చాలామంది చెప్పే జవాబు అసలది ఆ సంగీతంలో వాద్యమే కాదని. సగమే నిజం. ఓక్లహోమాలోని టల్సా రేడియోలో 1930ల్లో పేరు తెచ్చుకున్న బాబ్ విల్స్ బృందంలో ఫిడేళ్ల పక్కనే సాక్సోఫోన్లు ఉండేవి. వాళ్ల 1940 నాటి 'న్యూ సాన్ ఆంటోనియో రోజ్'లో కొమ్ము వాద్యాలదే హడావుడి. కెంటకీలో పుట్టిన బూట్స్ రాండాల్ఫ్ నాష్‌విల్ స్టూడియోల్లో ఏళ్ల తరబడి టెనర్ వాయించాడు. అతని 1963 నాటి 'యాకెటీ సాక్స్' మీకు తెలుసు. పేరు తెలియకపోయినా తెలుసు. బెన్నీ హిల్ హాస్య కార్యక్రమంలో అందరూ ఒకరి వెనక ఒకరు పరిగెత్తేటప్పుడు వచ్చేది అదే. తమాషా ఏమిటంటే, ఆ గొడవ పాట వాయించిన మనిషే మెల్లని పాటల్లో ఊపిరి శబ్దం కలిసిన మెత్తటి నాదం ఇచ్చేవాడు. మా వాడికి ఆ పరుగు పాట పక్కన పెట్టి ఆ మెల్లనివి వినమని చెప్పాను.

కాబట్టి చోటు లేక కాదు. స్వరాన్ని పట్టుకునే తీరు వేరు. కంట్రీ గాయకులు స్వరం మీద నేరుగా వచ్చి కూర్చోరు, కింద నుంచి జారుతూ ఎక్కుతారు. కాళ్లున్న చట్రం మీద పరిచి తొక్కుడు మీటలతో వాయించే పెడల్ స్టీల్ గిటారు ఆ జారుడునే ఇంకా పెంచింది. 1954లో వెబ్ పియర్స్ పాట 'స్లోలీ' రేడియోల్లో మోగినప్పుడు, అందులో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని పైకి లాగాడు. పక్క తీగలు కదలకుండా నిలబడ్డాయి. అది విని స్టీలు వాళ్లంతా తమ గిటార్లకి పెడళ్లు బిగించుకున్నారు. ఆ లాగుడే తర్వాత కంట్రీకి గొంతు అయింది.

ఇక్కడ తెలుగు చెవికి ఒక సౌకర్యం ఉంది. కంట్రీ వరసల్లో చాలా భాగం స రి గ ప ధ, అంటే మోహన రాగపు స్వరాలే. చర్చిల్లోనూ కంట్రీ సభల్లోనూ వినిపించే 'అమేజింగ్ గ్రేస్' వరసలో మధ్యమం లేదు, నిషాదం లేదు. కంట్రీ వాళ్లు ఆ మోహనంలోకి ఒక దొంగ స్వరాన్ని తెస్తారు, సాధారణ గాంధారం. అది నిలవదు. అంతర గాంధారానికి ఎక్కే ముందు మెట్టు మీద కాలు ఆనించినట్టు ఆనించి వెళ్లిపోతుంది. మోహనం పాడుతూ గాంధారం దగ్గర అలా ఒక్కసారి కింద నుంచి జారి చూడండి, విజయవాడ పోయి టెనెసీ వస్తుంది. రాగం తెలిసిన వాళ్లకి ఒళ్లు మండవచ్చు, కానీ రుచి అక్కడే ఉంది.

మీటలున్న వాద్యం మీద జారుడు ఎలా? వేణువులా రంధ్రం సగం తెరుద్దామంటే కుదరదు, ప్యాడ్లు అడ్డు. పని అంతా గొంతులోనూ దవడలోనూ జరుగుతుంది. ఎడమ చూపుడువేలు ఒక్కటే మూసి బి పలికించండి. నోటి పట్టు వదలకుండా లోపల 'ఈ' అంటున్న నాలుకని 'ఆ' దగ్గరికి దించండి. స్వరం కుంగుతుంది. మళ్లీ 'ఈ' అంటే లేస్తుంది. మొదట్లో ఆవులించినట్టుంటుంది, వారానికి అరస్వరం దిగుతుంది. ఇంకా కఠినమైన సాధన కావాలంటే వాద్యం పక్కన పెట్టి మౌత్‌పీస్ ఒక్కటే ఊదుతూ సరిగమలు దిగడానికి ప్రయత్నించండి. ఇంట్లో వాళ్లు బాతులు పెంచుతున్నావా అంటారు, మా ఆవిడ అంది. గోపాల్‌నాథ్ గారు మీటల వాద్యం మీద గమకాలు పలికించారంటే నోటికీ గొంతుకీ అందులో ఎంత పనుందో ఊహించుకోవచ్చు.

కవాతులా వినిపించడానికి ఇంకో కారణం నాలుక. స్కూలు బ్యాండులో ప్రతి స్వరానికీ 'తు, తు' అని నాలుక తగిలించడం నేర్పుతారు, నలభై మంది ఒకేసారి మొదలెట్టాలి గనక. పాట అలా ఉండదు. పాటలో మాటలున్నాయి. గాయకుడు హల్లు పలికిన చోట నాలుక తగలాలి, అచ్చు సాగిన చోట ఊపిరి ఒక్కటే సాగాలి. అందుకని సాహిత్యం ఎదురుగా పెట్టుకుని, మనసులో మాటలనుకుంటూ వాయించమన్నాను. మాట తెలియని చోట వాడి సాక్సోఫోన్ కూడా నసిగింది, ఫోనులోనే పట్టుకున్నాను. కంపితం కూడా స్వరం మొదట్లో వద్దు. కాసేపు నిటారుగా నిలబడ్డాక, చివర్లో వణకాలి. గొంతులో మూలుగుతూ ఊదితే వచ్చే గరగర ఉంది చూశారూ, అది ఉప్పు లాంటిది. రాత్రంతా అదే వాయించేవాళ్లని ఎరుగుదును.

ఎక్కడ వాయించాలో చెప్పడానికి ఒక్క మాట చాలు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట. అక్కడికి ఫిడేలు ఆవిడ కూడా చూస్తుంటుంది కాబట్టి ముందే ఆవిడతో పంచుకోవాలి.

ఇప్పుడు ఆ బరబర. జి షార్ప్ మూతని మూసే చెయ్యి చివర చిన్న మర ఉంటుంది. అది కాస్త వదులైతే, జి షార్ప్ మీట నొక్కి ఉంచి ఎఫ్ షార్ప్ వాయించేటప్పుడు జి షార్ప్ మూత వెంట్రుకవాసి తెరుచుకుని గాలి కారుతుంది. జి షార్ప్ అంతగా రాని పాటల్లో ఇది బయటపడదు. అందుకే స్కూల్లో నాలుగేళ్లు కనిపించని లోపం కంట్రీ పాటలతో మూడు వారాల్లో పట్టుబడింది. సిగరెట్ కాగితం సన్నగా కత్తిరించి ప్యాడు కింద పెట్టి, మీట నొక్కి మెల్లగా లాగితే ఎక్కడ పట్టు లేదో తెలుస్తుంది. రిపేరు షాపులో అయితే వాద్యం లోపలికి సన్నని దీపాన్ని దించి చూస్తారు. మూసిన ప్యాడు అంచున వెలుగు కనిపిస్తే అక్కడే కారుతున్నట్టు. మంద్రంలో సి, బి, బి ఫ్లాట్ పలక్కపోతే ముందు పెదవిని తిట్టుకోవద్దు, దీపం వేయించండి. మా వాడి వాద్యానికి మర సరిచేసి, రెండు ప్యాడ్లు మార్చారు. అంతే, సగం కొత్త వాద్యం కొన్నట్టయింది.

తర్వాతి మెట్టు మౌత్‌పీస్. కొత్త యమహాలతో 4సీ అనేది వస్తుంది. నేర్చుకోవడానికి మంచిది, కొస సన్నగా మూసినట్టుంటుంది గనక స్వరం తిన్నగా నిలుస్తుంది. జారుడుకి అదే అడ్డు. కొస, రీడు మధ్య సందు కొంచెం ఎక్కువైతే స్వరం వంగుతుంది, ఊపిరి కూడా ఎక్కువ తింటుంది. ఆల్టోకి మేయర్ 5 లాంటిది, అంటే దాదాపు 1.8 మిల్లీమీటర్ల సందు, రెండున్నర నంబరు రీడుతో మొదలుపెట్టమన్నాను. టెనర్ వాళ్లలో ఆటో లింక్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. ఒక్కసారిగా పెద్ద సందుకి పోతే శ్రుతి చేతిలోంచి జారిపోతుంది. ఫ్రెట్లు లేని ఫిడేలు పక్కన నిలబడి శ్రుతి తప్పితే దాచుకోవడానికి చోటుండదు. రెండు మూడు వందల డాలర్లలో మంచి మౌత్‌పీస్ వస్తుంది. కొత్త ప్రొఫెషనల్ వాద్యానికి వేలు కావాలి.

ఇవన్నీ అయ్యాక కూడా మార్చాలనిపిస్తే, మార్చుకో. ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది? ప్యాడ్లన్నీ సరిగ్గా మూసుకుంటున్నా బి నుంచి సి షార్ప్‌కి, అక్కణ్ణించి డి షార్ప్‌కి మంద్రంలో వేళ్లు జరపలేకపోతున్నావా? మధ్య డి, ట్యూనరు మీద ప్రతిసారీ ఎక్కువ చూపిస్తూ, గొంతుతో సరిచేయడానికే నీ సత్తువంతా పోతోందా? అప్పుడు వాద్యం నిన్ను ఆపుతోందని లెక్క. 'ఇంకా మెరిసేది కావాలి' అనేది ఆ లెక్కలోకి రాదు.

ముందు ఆల్టోనా టెనరా తేల్చుకోవాలి. నా పక్షపాతం టెనర్ వైపు, దాచను. మగ గొంతుకి దగ్గరగా ఉంటుంది, పైగా ఎప్పుడూ ఒక షార్పు తక్కువ. కానీ గాయని పాడే బృందంలో ఆల్టోయే ఇంపు. సి మెలడీ అనే పాతకాలపు సాక్సోఫోన్లు చవగ్గా కనిపిస్తాయి. 1920ల్లో పియానో పక్కన శ్రుతి మార్చుకోకుండా వాయించుకోవడానికి ఇళ్లకి అమ్మినవి. షార్పుల గోల తప్పుతుందని ఆశ పుడుతుంది. వాటికి సరైన మౌత్‌పీస్ అంత సులువుగా దొరకదు, శ్రుతి అటూ ఇటూ పోతుంది. నేను మొహమాటం లేకుండా వద్దంటాను.

పాత వాద్యాల మోజు గురించి కూడా చెప్పాలి. సెల్మర్ మార్క్ సిక్స్, 1954 నుంచి 1970ల నడిమి దాకా ఫ్రాన్స్‌లో చేసినది, అందరూ కలవరించే పేరు. పాత అమెరికన్ కాన్, కింగ్ వాద్యాల నాదం గుండ్రంగా, కంట్రీకి ఎంతో బాగుంటుంది. అయితే వాటిల్లో చాలావాటికి ఆ ఎడమ చిటికెనవేలి బల్ల బరువు, వరసా వేరు. 1930ల నడిమి సెల్మర్ బ్యాలెన్స్‌డ్ యాక్షన్‌లో బెల్ మీది మూతల్ని కుడివైపుకి మార్చాక గానీ ఆ వేలికి సుఖం రాలేదు. పైగా పాతవాటిలో మోసానికి చోటుంది. నేను ఒకసారి మెరుపు చూసి ఒక పాత టెనర్ కొన్నాను. ఎవరో రుద్ది రుద్ది కొత్త లక్క పూశారు. రేకు అరిగి చెక్కడం గీతలు మసకబారాయి, రంధ్రాల అంచులు సమంగా లేవు. కొన్న ధరలో సగం మరమ్మతుకి పోసినా అడుగున బి ఫ్లాట్ ఇప్పటికీ దగ్గుతుంది. ఆ తర్వాత ఏ పాత వాద్యం చేతికొచ్చినా ముందు చెక్కడం మీద బొటనవేలు రాసి చూస్తాను.

అందుకే వీడికి యమహా 62, యానగిసావా లాంటివి చూడమన్నాను. తైవాన్‌లో హౌలీ అనే ఊరు సాక్సోఫోన్ల తయారీకే పేరుపడింది, అక్కణ్ణించి వచ్చే వాటిల్లోనూ ధరకి తగ్గ మంచివి ఉన్నాయి. పై ఎఫ్ షార్ప్ మీట ఉందా, వెండి పూతా బంగారు పూతా అనే వాటికి డబ్బు పెట్టొద్దన్నాను. షాపుకి వాడి సొంత మౌత్‌పీస్, సొంత రీడు, ట్యూనరు పట్టుకెళ్లాలి. లేకపోతే పరీక్షించేది షాపు వాళ్ల మౌత్‌పీస్‌ని, వాద్యాన్ని కాదు. వేగంగా వాయించి అందర్నీ ఆకట్టుకోవద్దు. మంద్రంలో బి ఫ్లాట్ వీలైనంత మెత్తగా. తర్వాత ఆరు షార్పులతో 'కంట్రీ రోడ్స్', కళ్లు మూసుకుని. మధ్య డి ఊది, ఊదాక ట్యూనరు చూడటం. మర్నాడు మళ్లీ వెళ్లి అదంతా మళ్లీ చేయడం.

వాడు రెండు శనివారాలు తిరిగాడు. రెండు ఆల్టోల మీద ఒకే వరస వాయించి నాకు ఫోనులో పంపాడు. నిజం చెప్పాలంటే నాకు తేడా తెలియలేదు, చిన్న స్పీకరులో తెలిసే తేడా కాదది.

"ఏది బాగుందిరా?"

"మొదటిది షాపులో అందరూ బాగుందన్నారు మావయ్యా. రెండోదాంట్లో గంట వాయించినా చిటికెనవేలు నెప్పెట్టలేదు."

రెండోదే తీసుకున్నాడు. పాతది అమ్మకుండా ఉంచమన్నాను. ఎండలో, పెరట్లో, బార్బిక్యూ పొగ పక్కన వాయించాల్సి వచ్చినప్పుడు కొత్తదాన్ని ఎవడు బయటికి తీస్తాడు?